సీఏ పాసయ్యాను, ఒక్క మంచి సిగార్ కాల్చాలనుంది, ఏది కొనమంటారు బాబాయ్ గారూ?

ప్రశ్న: బాబాయ్ గారూ నమస్తే. మాది రాజాం దగ్గర ఊరు, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాం. మొన్న సీఏ ఫైనల్ పాసయ్యాను, ఐదో అటెంప్ట్‌లో, రెండు గ్రూపులూ ఒకేసారి. మా నాన్నగారు జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు, నేను చదివినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నాతోపాటు చదివిన ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి ఈ నెలాఖర్లో చిన్న పార్టీ పెట్టుకుంటున్నాం, ఆ రోజు ఒక మంచి సిగార్ కాల్చాలని ఫస్ట్ అటెంప్ట్ అప్పట్నుంచీ అనుకుంటున్నాం. నలుగురిలో ఎవరికీ సిగరెట్ అలవాటు లేదు. ఆన్‌లైన్లో ఒకతను పాతిక కోహిబాల బాక్స్ ఏడు వేలకి ఇస్తానంటున్నాడు, చెక్కపెట్టె, అద్దం మూత, ఫొటోలో చాలా బాగుంది. మా బడ్జెట్ మొత్తం ఎనిమిది వేలు. తీసుకోమంటారా? లేకపోతే ఏ బ్రాండ్ మంచిది, ఎలా కాల్చాలి? ఇంకోటి, మా నాన్న ఒకప్పుడు చుట్ట కాల్చేవారు, ఆరేళ్ళ కిందట మానేశారు. ఆయనకి కూడా ఒకటి ఇచ్చి మాతో కూర్చోబెట్టుకోవాలని ఉంది, తప్పా?

సమాధానం: అబ్బాయ్, ముందు ఆ ఏడు వేలు పంపకు. పంపేసి ఉంటే క్యాన్సిల్ చెయ్యి, క్యాష్ ఆన్ డెలివరీ అయితే గుమ్మం దగ్గర్నించే వెనక్కి పంపెయ్. ఆ పని చేశాక నా కంగ్రాట్స్ తీసుకో. ఐదో అటెంప్ట్‌లో రెండు గ్రూపులూ ఒకేసారి కొట్టడం అంటే ఏటనుకున్నావు, మా మేనల్లుడు మూడోసారికే పుస్తకాలు కట్టలు కట్టి అటక మీద పడేశాడు, ఆడు ఎంత తెలివైన గుంటడో నాకు తెలుసు, అంచేత నీ ఉత్తరం చదువుతుంటే నిజంగా కడుపు నిండిపోయింది.

నేను ఇరవై రెండేళ్ళు మర్చంట్ నేవీలో ఇంజన్ రూమ్‌లో చేశాను. తిరిగిన పోర్టుల్లో సిగార్లు కొన్నాను, మంచివీ చూశాను, మోసమూ పోయాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటిపట్టున ఉండి ఏడాదికి రెండు మించి ముట్టను. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

కోహిబా అంటే క్యూబా సరుకు. 1966లో మొదలెట్టారు, మొదట్లో ఫిడెల్ కాస్ట్రోకీ, ఆయన బహుమతిగా పంపే వేరే దేశాల పెద్దలకీ తప్ప బయట ఎవరికీ దొరికేది కాదు, 1982 నుంచే అమ్మకానికి పెట్టారు. దాన్లో వాడే కొన్ని ఆకుల్ని మిగతా వాటి కంటే ఒకసారి ఎక్కువ, మూడోసారి కూడా పులియబెడతారు. అసలే ఖరీదు, దానికి తోడు 2022లో ప్రపంచమంతా హాంకాంగ్ రేటే ఉండాలని కంపెనీ వాళ్ళు ధరలు సవరించేసరికి చాలా దేశాల్లో ఒక్కసారిగా ఎగిరిపోయాయి. నీ ఎనిమిది వేలకి నలుగురికి రోబస్టో అనే సైజు అసలైన కోహిబాలు నాలుగే రావు, పాతిక ఎక్కణ్ణుంచి వస్తాయి నాయనా? ఏడు వేలని పాతికతో భాగించు, ఒక్కోటి 280 రూపాయలు. అందులోంచి కస్టమ్స్ తీసెయ్, జీఎస్టీ తీసెయ్, కొరియర్ తీసెయ్, ఆడి లాభం తీసెయ్, ఆకు ఖరీదు కింద ఏం మిగిలిందో నువ్వే చూసుకో, లెక్కల్లో నాకంటే నువ్వే పెద్దోడివి.

అద్దం మూత అన్నావు చూడు, ఆడు అక్కడే దొరికిపోయాడు. కోహిబా వాళ్ళు అద్దం మూత పెట్టెలు చెయ్యరు, అది దొంగ సరుకువాళ్ళు టూరిస్టుల కోసం కనిపెట్టిన సోకు. అసలు పెట్టె అడుగున క్యూబా సిగార్లు అమ్మే హబనోస్ కంపెనీ పేరూ, క్యూబాలో తయారైందనీ, పూర్తిగా చేత్తో చేసిందనీ స్పానిష్‌లో చెక్క మీద కాల్చిన ముద్ర ఉంటుంది, అది వేలితో తడిమితే గుంటగా తగులుతుంది, దాని దగ్గర్లోనే ఫ్యాక్టరీ కోడు, నెల, సంవత్సరం. పైన ఎడమవైపు ఆకుపచ్చ రంగు ప్రభుత్వ సీలు, దాని మీద హోలోగ్రామ్, బార్‌కోడు. ఇంక మన దేశంలో లీగల్‌గా అమ్మే పెట్టె మీదైతే 85 శాతం జాగాలో బొమ్మతో సహా ఆరోగ్య హెచ్చరిక ఉండి తీరాలి, 2016 నుంచీ రూలు అదే. ఆ ఫొటోలో ఆ బొమ్మ ఉందేమో చూడు.

ఇదంతా ఎక్కడో చదివి చెప్పట్లేదు. తొంభైల్లో ఒక పోర్టులో, ఊరి పేరు వద్దులే, గేటు బయట ఒకతని దగ్గర అచ్చం ఇలాంటి పెట్టే అరవై డాలర్లకి కొన్నాను. మా సెకండ్ ఇంజనీరుకి పెళ్ళైన పదకొండేళ్ళకి కూతురు పుట్టిందని కబురొచ్చింది, సిగార్లు నేను తెస్తానని నేనే వెళ్ళాను. ఆ రాత్రి పొగ తాగనిచ్చే జాగాలో ఐదుగురం కూర్చుని వెలిగించాం. మూడు దమ్ములకి ఒకవైపు గబగబా మండిపోయింది, రెండోవైపు నల్లగా అలాగే ఉండిపోయింది, గొంతులో మిరపకాయల పొగ పోయినట్టుంది, ఆయన దగ్గుతూ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పర్లేదు బాగానే ఉంది బాగానే ఉంది అంటున్నాడు నా మొహం చూసి. నా దాన్ని బ్లేడు పెట్టి నిలువునా కోశాను. లోపల ఒక్క నిండు ఆకు లేదు, అంతా తుక్కు, ఈనె ముక్కలు, మధ్యలో ఒక గోనె పోగు. కూతురు పుట్టిన రోజున ఆ మనిషి నోట్లో నేను పెట్టింది అది. ముప్పై ఏళ్ళైనా నాకు ఆ బాధ పోలేదు, నీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే. పండగ రోజు ఒకటే వస్తుంది, మళ్ళీ రమ్మంటే రాదు.

సరే, ఏది కొనాలి అంటే ముందు సిగార్‌లో ఏముంటుందో కూసింత తెలియాలి. పొగాకు మన తెలుగోళ్ళకి కొత్త కాదు కదా. గుంటూరు, ప్రకాశం వైపు బ్యారన్లలో వేడి పెట్టి ఎండబెట్టే వర్జీనియా పొగాకు సిగరెట్లకి పోతుంది, గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకి. సిగార్ ఆకుది వేరే దారి. పెద్ద పాకల్లో కర్రలకి వేలాడదీసి నీడపట్టున గాలికే వారాల తరబడి ఆరబెడతారు, ఆకుపచ్చ పోయి పసుపొస్తుంది, పసుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. తర్వాత కట్టలు కట్టి కుప్పలు పేరుస్తారు. తడిసిన గడ్డివామిలో చెయ్యి పెడితే లోపల ఎలా కాగుతూ ఉంటుందో ఆ కుప్ప కూడా అలాగే కాగుతుంది, ఆ వేడికి ఆకులో ఉన్న అమ్మోనియా ఘాటు బయటికి పోతుంది. ఈ పులియబెట్టడం తొందర తొందరగా కానిచ్చేస్తే కాల్చేవాడి గొంతు పట్టుకుంటుంది, కళ్ళు మండుతాయి. మంచి సిగార్ ఖరీదులో పెద్ద భాగం ఈ ఎదురుచూపుదే.

చుట్టినప్పుడు మూడు పొరలు. లోపల ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే ఆకు బైండర్, అన్నిటికంటే పైన నున్నటి రేపర్. ఫిల్లర్‌లో ఆకులు తలనించి తోకదాకా పొడుగ్గా ఉంటే అది మంచిది, దాన్ని లాంగ్ ఫిల్లర్ అంటారు, నుసి కూడా ఇంచి పొడుగు దాకా రాలకుండా నిలబడుతుంది. తుక్కు పోసి చుట్టింది షార్ట్ ఫిల్లర్, చవక. ఇప్పుడు నీకు పనికొచ్చే మాట. మొక్కకి పైన ఉన్న ఆకులు ఎండ ఎక్కువ తాగుతాయి కాబట్టి దళసరిగా, ఘాటుగా ఉంటాయి, లిజెరో అంటారు, వాటిలో నికోటిన్ ఎక్కువ. కింద ఆకులు పల్చగా తేలిగ్గా ఉంటాయి, బాగా మండుతాయి. ఒక సిగార్ తలకెక్కుతుందా లేదా అన్నది ఈ పాళ్ళ మీద ఉంటుంది, రంగు మీద కాదు. నల్లగా ఉంటే ఘాటు అనుకుంటారు అందరూ, మడూరో అని ముదురు రంగు రేపర్ ఉంటుంది, అది ఒక్కోసారి బెల్లం పాకంలా తియ్యటి వాసనేస్తుంది, లోపల ఫిల్లర్ మెత్తటిదైతే పసిపిల్లలా ఉంటుంది.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి, నీలా ఏళ్ళ తరబడి చదివినోడికి నచ్చుతుంది. క్యూబాలో సిగార్లు చుట్టే హాల్లో ఎత్తు పీట మీద ఒక మనిషిని కూర్చోబెడతారు, చుట్టేవాళ్ళు తల వంచుకుని పని చేసుకుంటుంటే ఆ మనిషి పొద్దున్న పేపరు, తర్వాత నవలలు పైకి చదివి వినిపిస్తాడు. 1865లో హవానాలో మొదలైన ఆచారం. మొదట్లో ఆ చదివేవాడి జీతం పనివాళ్ళే తలా కొంచెం వేసుకుని ఇచ్చుకునేవారు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచీ చేత్తో చుట్టిన సిగార్ పట్టుకుంటే నాకు ఆ హాలే గుర్తొస్తుంది.

నలుగురికీ అలవాటు లేదన్నావు కాబట్టి నా మాట విని క్యూబావి పక్కన పెట్టు, ముఖ్యంగా పార్టాగాస్ లాంటి ఘాటు బ్రాండ్లు, అలవాటు లేని ఒంటికి అది దెబ్బే. డొమినికన్ రిపబ్లిక్‌వి చూడు, కనెక్టికట్ షేడ్ అనే లేత బంగారు రంగు రేపర్ ఉన్నవి. మెకనూడో కెఫే అడుగు, మైల్డ్ అంటే మైల్డే, వెన్న రాసినట్టుంటుంది. కొంచెం ఖర్చు పెట్టగలిగితే డేవిడాఫ్ సిగ్నేచర్ 2000, అయిదించిల పొడుగు, సన్నంగా చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది. ఆర్టురో ఫ్యుయెంటేలో షాటో ఫ్యుయెంటే అని ఒకటి పల్చటి దేవదారు చెక్క చుట్టి వస్తుంది, చెక్క విప్పగానే వచ్చే వాసనకే సగం డబ్బులు గిట్టుబాటు. నన్నడిగితే మొదటిసారికి డేవిడాఫే, కానీ నాలుగింటి రేటు అడిగి మీ బడ్జెట్‌కి అందకపోతే మెకనూడో తీసుకుని ఏ మాత్రం చిన్నబోకండి. ఒక్కో దానికి పదిహేనొందలు దాటకుండా చూసుకో, మిగతా డబ్బుకి ఇంకా పనుంది, చెప్తాను.

క్యూబాదే కావాలని మనసు లాగితే మాంటెక్రిస్టో నంబర్ 4, చిన్నది, మధ్యరకం ఘాటు. కాకపోతే ఒక తిరకాసుంది. 1960లో క్యూబాలో ఫ్యాక్టరీలు ప్రభుత్వం తీసేసుకుంది, 1962లో అమెరికా ఆ దేశం సరుకు రానివ్వకుండా ఆపేసింది, పాత యజమానులు, చుట్టేవాళ్ళు చాలామంది డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండురాస్ వెళ్ళిపోయి అక్కడ మొదలెట్టారు. అంచేత మాంటెక్రిస్టో, రోమియో ఈ జూలియెటా, హెచ్ అప్‌మన్ ఇలాంటి పేర్లతో రెండు వేరు వేరు సిగార్లున్నాయి, ఒకటి క్యూబాది, ఒకటి కాదు. రెండోది నకిలీ కాదు, అదీ అసలుదే, కానీ క్యూబా రేటిచ్చి అది తెచ్చుకోకూడదు కదా. సిగార్ చుట్టూ ఉండే కాగితం పట్టీ మీద హబానా అని రాసి ఉందా లేదా చూసుకో.

సైజు సంగతి. లావు ఇంచిలో 64వ వంతుల్లో చెప్తారు, 50 అంటే ముప్పావు ఇంచి కంటే కాస్త ఎక్కువ, 42 అంటే ఇంచిలో మూడింట రెండొంతులు. రోబస్టో అంటే అయిదించిలు, 50 లావు, ముప్పావు గంట నించి గంట పడుతుంది. పెటీ కరోనా చిన్నది, అరగంట పైచిలుకు. ఏడించిల చర్చిల్ ఫొటోలకి బాగుంటుంది గానీ రెండు గంటలు కూర్చోవాలి, కొత్తవాళ్ళు సగం దగ్గరే అలిసిపోయి పారేస్తారు. మీకు చిన్నదే. నలుగురూ ఒకటే రకం తీసుకోండి, ఒకడికి ఒకటి ఒకడికి ఇంకోటి అయితే ఎవడి గోల ఆడిది, ఒకటే అయితే ఇదిగో ఇప్పుడు జీడిపప్పు వాసనొచ్చింది, నాకింకా రాలేదు అని మాట్లాడుకోవచ్చు.

కొనడం పాన్ షాపులో వద్దు, గాజు సీసాలో నిలబెట్టి ఎండకి పెట్టినవి ఎంత పెద్ద పేరున్నా చచ్చినట్టే లెక్క. వైజాగ్ గానీ హైదరాబాద్ గానీ వెళ్ళినప్పుడు హ్యూమిడార్ అని సిగార్లు ఎండిపోకుండా తేమ పట్టి ఉంచే బీరువా ఉన్న షాపుకి వెళ్ళు, దాని లోపల మీటర్ ఉంటుంది, తేమ 65 నించి 70 మధ్య చూపించాలి, మీటరే లేకపోతే దండం పెట్టి వచ్చెయ్. సిగార్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సుతారంగా నొక్కితే కొంచెం లొంగి మళ్ళీ పైకి రావాలి. కరకరమంటే ఎండిపోయింది, మెత్తగా కుంగిపోతే నీరెక్కింది. సూదిమొనంత చిల్లు కనిపిస్తే పొగాకు పురుగు తొలిచిందని అర్థం, ఆ పెట్టెలోది ఇంకేదీ తీసుకోకు. మీ వాళ్ళల్లో ఎవరైనా గల్ఫ్ నించి వస్తుంటే, మన సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు ఎంతమంది లేరు అక్కడ, వాళ్ళ చేత ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో తెప్పించుకోవడం అన్నిటికంటే మేలు, ఒక మనిషి 25 సిగార్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, నాలుగు ఎంత.

నెలాఖరు దాకా దాచాలి కదా, ఇక్కడే మన ఊళ్ళ వాతావరణంతో గొడవ. ఎండాకాలం ఉక్కకి ఆకులో ఉన్న పురుగు గుడ్లు లేస్తాయి, 25 డిగ్రీలు దాటితే దానికి పండగే. వానాకాలం తేమకి బూజు. ఫ్రిజ్‌లో పెడదామనుకుంటావు, పెట్టకు, ఎండబెట్టేస్తుంది, పైగా మొన్నటి చేపల పులుసు వాసనంతా పీల్చుకుంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, కొత్తది, కడిగి ఆరబెట్టి ఏ వాసనా లేకుండా, అందులో సిగార్లు, పక్కన బొవేడా అని తేమని పట్టి ఉంచే ప్యాకెట్ దొరుకుతుంది, 65 అంకె ఉన్నది ఒకటి. మూత పెట్టి ఇంట్లో చల్లగా ఉండే గదిలో, బీరువా కింది అరలో పెట్టెయ్. రోజూ తెరిచి చూసుకోకు. తడి గుడ్డ, తడి దూది పెట్టమని ఎవరైనా చెప్తే వినకు.

ఆ రోజు. సముద్రం ఒడ్డున కాల్చాలని ఉంటుంది కుర్రాళ్ళకి, చింతపల్లి బీచ్ అనో కళింగపట్నం అనో. గాలికి ఒకవైపే మండుతుంది, వేడెక్కి చేదైపోతుంది, చూసి చూసి చెప్తున్నాను. హోటళ్ళు, రెస్టారెంట్లలో కూడా కుదరదు, 2008 అక్టోబర్ 2 నించి పబ్లిక్ ప్లేసుల్లో పొగ తాగకూడదు, ప్రత్యేకం స్మోకింగ్ గది ఉంటే తప్ప. మీ ఫ్రెండ్స్‌లో ఎవరిదైనా డాబా, పిట్టగోడ అడ్డం ఉండి, పిల్లలు, గర్భిణీలు, ముసలివాళ్ళు లేని ఇల్లు చూసుకోండి. కడుపు నిండా అన్నం తిన్నాకే ముట్టించాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఖాళీ కడుపుతో మొదటి సిగార్ కాల్చినవాడికి పది నిమిషాల్లో చెమటలు పట్టి, వాంతి వచ్చి, డాబా గిర్రున తిరుగుతుంది. అలా అనిపిస్తే వెంటనే పక్కన పెట్టేసి బెల్లం ముక్కో పంచదార నీళ్ళో తీసుకుని కాసేపు కూర్చోండి, సర్దుకుంటుంది. సిగార్ అయిపోవాలని రూలేం లేదు, సగంలో వదిలేసినవాణ్ణి మిగతావాళ్ళు ఏడిపించకండి. పక్కన మందు పెట్టుకోకండి, రెండూ కలిస్తే నోటికీ గొంతుకీ చేటు ఇంకా పెరుగుతుంది. అరకు కాఫీ పాలు లేకుండా కాచుకోండి, పలాస జీడిపప్పు కొంచెం దోరగా వేయించి పెట్టుకోండి, దానికి మించిన జత నేను ఏ దేశంలోనూ చూడలేదు.

నోట్లో పెట్టుకునే వైపు గుండ్రంగా టోపీలా అతికించిన ఆకు ఉంటుంది, దాన్ని రెండు మిల్లీమీటర్లే కొయ్యాలి, ఎక్కువ కోస్తే రేపర్ విడిపోయి చేతిలోకొచ్చేస్తుంది. కొరకొద్దు, కత్తిపీట వద్దు, రెండు బ్లేడ్ల చిన్న కట్టర్ చవగ్గా దొరుకుతుంది, నలుగురికీ ఒకటి చాలు. వెలిగించడానికి గ్యాస్ నింపిన జేబు లైటర్ (వంటింటిది కాదు) గానీ పొడుగు అగ్గిపుల్ల గానీ, అగ్గిపుల్లైతే గంధకం వాసన పోయేదాకా ఒక్క క్షణం ఆగి. కొవ్వొత్తి, అగరుబత్తి, పెట్రోల్ లైటర్ వద్దు, ఆ వాసన ఆకుకి పట్టేస్తుంది. మంటని సిగార్‌కి తగలనివ్వకు, కొంచెం కింద పెట్టి, గారెల కోసం నూనె కాగబెట్టినంత ఓపిగ్గా చేత్తో తిప్పుతూ అంచంతా నల్లబడి అక్కడక్కడ ఎర్రటి చుక్కలు వచ్చేదాకా కాచు, అప్పుడు నోట్లో పెట్టుకుని మెల్లగా లాగు. చివర ఊదితే గుండ్రంగా నిప్పు కళ్ళలా అంతటా ఒకేలా మెరవాలి. పొగ నోట్లోనే ఉంచి వదిలెయ్యాలి, లోపలికి పీల్చకూడదు. నిమిషానికి ఒక్క దమ్ము, అంతకంటే ఎక్కువైతే వేడెక్కి చేదొస్తుంది. నుసి దులపకు, అదే రాలుతుంది. చివరి మూడో వంతు దగ్గర ఘాటు పెరుగుతుంది, అక్కడ ఆపేస్తే మంచిది, నలిపి ఆర్పొద్దు, పళ్ళెంలో వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది, నలిపితే ఇల్లంతా కంపు.

ఇప్పుడు నేను చెప్పకపోతే నా మనసు ఊరుకోని మాట. మా అమ్మమ్మ కళింగపట్నం దగ్గర పల్లెలో చేపల గంప మోసేది. అడ్డపొగ కాల్చేది, మండే కొన నోట్లోకి పెట్టుకుని. మన తీరం పల్లెల్లో ఆడోళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు అప్పట్లో, గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపొస్తుంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పెదాలు బిగించి ఉంటే చుట్ట తోక ఒక్కటే బయటికి కనపడేది, మధ్యలో పెదాల సందులోంచి పొగ సన్నగా వచ్చేది. చిన్నప్పుడు నోరు చూపించు అమ్మమ్మా అంటే తెరిచేది, అంగిలి ఎండిన చెరువు అడుగులా తెల్లగా బీటలు తీసి, మధ్యలో ఎర్రెర్రగా చుక్కలు. నాకప్పుడు అది వింతగా ఉండేది. కొన్నాళ్ళకి అక్కడే పుండు లేచింది, దాంతోనే పోయింది. 1971లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన ఉంది, మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే 10,169 మంది నోళ్ళు చూసి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పులన్నీ రాసిపెట్టారు, వాళ్ళల్లో మా అమ్మమ్మ లాంటోళ్ళు ఎంతమందో.

అంచేత పీల్చట్లేదు కదా సిగార్ ఏం చెయ్యదులే అని ఎవడైనా అంటే నమ్మకు. ఆ పొగకి క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే ఒంట్లోకి దిగిపోతుంది, ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు దీనివల్ల వస్తాయి. నేను ఏడాదికి రెండు కాలుస్తున్నానంటే అది కూడా తప్పే, ఒప్పు అనట్లేదు. నాలుగు కొనమన్నాను కదా, నాలుగే కొను. పెట్టె కొంటే రేటు కలిసొస్తుందని షాపువాడంటాడు, మిగిలినవి ఇంట్లో ఉంటాయి, ఇంట్లో ఉన్నది వచ్చే నెల గుర్తొస్తుంది, మొదటి ఫీజు వచ్చిన రోజు గుర్తొస్తుంది, ఏదో కోపం వచ్చిన రాత్రి గుర్తొస్తుంది. మీ నలుగురిలో ఎవరికైనా వద్దనిపిస్తే మూడే కొను, ఆ నాలుగోవాడికి కాఫీ ఎక్కువ పొయ్యండి.

ఇంక మీ నాన్నగారి సంగతి. నువ్వు ప్రేమతోనే అడిగావు, నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఇవ్వకు. మన ఇళ్ళల్లో పెద్దల ముందు కాల్చకూడదన్న మర్యాద ఒకటుంది, అది వేరే సంగతి, నేను చెప్పేది దాని గురించి కాదు. ఏళ్ళ తరబడి మిల్లు షిఫ్టుల మధ్య చుట్టతో బతికిన మనిషి దాన్ని వదలడం ఎంత కష్టమో వదిలినవాళ్ళకే తెలుసు. ఆయన ఆరేళ్ళ కిందట మానేశారన్నావు, నువ్వు ఐదు అటెంప్ట్‌లు రాసింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే కదా, ఆయన మానిన చుట్ట డబ్బులు నీ కోచింగ్ ఫీజులోకి ఎన్ని వెళ్ళాయో ఎప్పుడైనా అడిగావా? నేను ఊహిస్తున్నాను అంతే, తప్పైతే ఆయనే చెప్తారు, కానీ అడుగు. మానినవాడికి ఆరేళ్ళ తర్వాత కూడా ఒక్క మంచి దమ్ము చాలు మళ్ళీ మొదలవ్వడానికి, అదీ కొడుకు చేతి మీదుగా వస్తే కాదనలేరు పాపం, నీ మొహం చూసి తీసుకుంటారు. ఆ పరిస్థితి ఆయనకి తేవద్దు నాయనా. ఆయన ఉన్న ఇంట్లో, ఆయన ఉన్న వీధిలో కూడా కాల్చకు, ఆ వాసన చాలు.

బడ్జెట్‌లో డబ్బు మిగల్చమన్నాను కదా, అది దీనికే. పొందూరు వెళ్ళు, విజయనగరం నించి ఎంతో దూరం లేదు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి నేసే సన్నరకం ఖద్దరు ఉంటుంది. పంచె ఒకటి తీసుకో, సన్నది ఇమ్మని అడుగు, చేత్తో పట్టుకుని చూసుకో, మడతల్లోంచి వేళ్ళు కనపడాలి. అమ్మగారికి ఏం కావాలో అమ్మనే అడుగు, నేను చెప్తే తిడతారు.

ఆ రోజు పొద్దున్నే, మీరు డాబా ఎక్కకముందే, పంచె నాన్నగారికి ఇచ్చెయ్, మెంబర్‌షిప్ లెటర్ ఆయన చేతికిచ్చి ఆయన చేతే చదివించు. సాయంత్రం పార్టీ అయ్యాక ఫ్రెండ్ ఇంట్లోనే తలస్నానం చేసి, వేరే చొక్కా వేసుకుని ఇంటికెళ్ళు, కాల్చిన చొక్కా కవర్లో కట్టి ఆడి దగ్గరే ఉంచెయ్, మర్నాడు ఉతికించి తెచ్చుకోవచ్చు.